పడవ నడుపుకుంటూ పోర్ట్ బ్లెయిర్ వెళ్లేవాళ్లకు

అందరికీ నమస్తే. పడవలో ఏదో ఒకటి పాడవుతుంది, అందులో అనుమానం లేదు. మన విశాఖ స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య అనే నేవీ ఆఫీసర్లు ప్రపంచం చుట్టొచ్చిన పడవ తారిణికి కూడా తిరుగు దారిలో స్టీరింగ్ దెబ్బతింది. 2018 ఏప్రిల్‌లో మారిషస్‌లో ఆగి బాగుచేయించుకున్నారు.

అందుకే ఎమర్జెన్సీ టిల్లర్‌ని (స్టీరింగ్ పోతే చుక్కాని తిప్పడానికి బిగించే కడ్డీ) ఒడ్డు దగ్గరే ఒకసారి బిగించి చూడండి. పోయినసారి మాది తీరా బిగించబోతే సామాన్ల పెట్టె అడ్డం!

ఇంకోటి. ఇంజిన్ వేయగానే పొగగొట్టంలోంచి నీళ్లు (ఇంజిన్‌ని చల్లబరిచే సముద్రపు నీళ్లు) పడుతున్నాయా చూడండి. పడకపోతే వెంటనే ఆపేయండి. చాలాసార్లు ఆ నీళ్ల పంపులోని రబ్బరు ఇంపెల్లరే (నీళ్లు తోసే రెక్కల చక్రం) చిరిగి ఉంటుంది. సముద్రపు నీటి వాల్వ్ కట్టేశాకే పంపు మూత విప్పండి. కొత్తది వేయడం పెద్ద పనేం కాదు, కానీ తెగిన రెక్కల ముక్కలన్నీ దొరికాయో లేదో లెక్కపెట్టండి. ఒక్కటి తగ్గినా అది పంపు దాటాక ఉన్న గొట్టంలో ఎక్కడో ఇరుక్కుందన్నమాటే. మూత కింద గిన్నె పెట్టుకోండి. నా స్క్రూ ఒకటి పడవ అడుగుకు జారిపోతే టార్చితో గంటసేపు వెతికాను.

ఆటోపైలట్ పోతే టెన్షన్ వద్దు, చేత్తో నడపొచ్చు. డ్యూటీలు మాత్రం రెండేసి గంటలకు కుదించండి.

స్పేర్ ఇంపెల్లర్లు నా దగ్గర రెండున్నాయి. మీ పంపు మోడల్ చూసి, కావాలంటే రేపటిలోగా చెప్పండి.