చేపలు తిను, మాత్రలు మాత్రం ఆపకు

తల్లీ,

చేపల గురించి, డిప్రెషన్‌కు వేసుకునే మాత్రల గురించి ఫోన్‌లో నువ్వు అడిగినదానికి అప్పటికప్పుడు జవాబు చెప్పలేదు. నోటికొచ్చింది చెప్పి సరిపెట్టే విషయం కాదని కూర్చుని చదివాను. తెలిసినంత వరకు రాస్తున్నాను, తీరిగ్గా చదువుకో.

కొవ్వు ఎక్కువగా ఉండే చేపలు తింటే డిప్రెషన్ తగ్గుతుందని, ఫిష్ ఆయిల్ మొదలుపెట్టి మాత్రలు మానేసినవాళ్లు కూడా ఉన్నారని నీ స్నేహితురాలు చెప్పిందన్నావు. ఆ మొదటి మాటలో కొంత నిజం ఉంది. రెండోది విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు.

ముందు నిజం ఎంతో చెప్తాను. సార్డీన్, మాకెరెల్, సాల్మన్, హెర్రింగ్ లాంటి చేపలకు కండలోనే కొవ్వు ఉంటుంది. అందులో ఒమేగా-3 రకానికి చెందిన ఈపీఏ, డీహెచ్ఏ అనే రెండు కొవ్వు ఆమ్లాలు దండిగా ఉంటాయి. మన మెదడులో నీటిని తీసేస్తే మిగిలేదాంట్లో సగానికి పైగా కొవ్వే. నాడీకణాల పై పొరల్లో డీహెచ్ఏ బాగా ఉంటుంది. ఈపీఏ మెదడులో పెద్దగా నిలవ ఉండదు కానీ, ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్‌ను, అంటే వాపు లాంటి ప్రతిచర్యను తగ్గించడంలో దానికి పాత్ర ఉంది. డిప్రెషన్ ఉన్నవాళ్లలో కొందరికి రక్తపరీక్షల్లో ఈ ఇన్‌ఫ్లమేషన్ గుర్తులు ఎక్కువగా కనిపిస్తాయి. అందుకే శాస్త్రవేత్తల దృష్టి చేపల మీద పడింది. అవిసె గింజల్లో, వాల్‌నట్స్‌లో ఉండేది వేరే రకం ఒమేగా-3. మన శరీరం దాన్ని ఈపీఏగా, డీహెచ్ఏగా మార్చుకునేది చాలా కొంచెమే. చేపలకైనా ఇవి ప్రధానంగా సముద్రంలోని సూక్ష్మ నాచు నుంచే వస్తాయి. కాబట్టి చేప తినని వాళ్లకు ఆ నాచు నుంచి తీసిన నూనె ఉంది.

1998లో జోసెఫ్ హిబెల్న్ అనే అమెరికన్ పరిశోధకుడు కొన్ని దేశాలను పోల్చి చూసి, చేపలు ఎక్కువగా తినే దేశాల్లో డిప్రెషన్ తక్కువగా ఉందని లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు. ఈ చర్చ అంతా ఊపందుకున్నది అక్కడి నుంచే. తర్వాత మనుషుల మీద విడివిడిగా చేసిన అధ్యయనాలు వచ్చాయి. 2016లో అలాంటివి 26 కలిపి, లక్షా యాభై వేల మంది వివరాలు చూస్తే, చేపలు బాగా తినేవాళ్లకు డిప్రెషన్ ముప్పు 17 శాతం తక్కువగా కనిపించింది.

కానీ ఇక్కడే జాగ్రత్తగా ఆలోచించాలి. చేపలు తరచుగా తినేవాళ్లు మిగతా తిండి కూడా మంచిదే తింటూ ఉండొచ్చు, వ్యాయామం చేస్తూ ఉండొచ్చు, డబ్బుకు ఇబ్బంది లేనివాళ్లై ఉండొచ్చు. ఇంకో సంగతి నీకే బాగా తెలుసు. మనసు బాగోని రోజుల్లో స్టవ్ వెలిగించాలనే అనిపించదని నువ్వే అన్నావు. అంటే చేపలు తినకపోవడం వల్ల దిగులు వచ్చిందా, దిగులు వల్ల వండుకోవడం తినడం తగ్గిందా అన్నది ఇలాంటి లెక్కల్లో తేలదు.

తేల్చడానికి పెద్ద ప్రయోగమే చేశారు. అమెరికాలో 50 ఏళ్లు దాటిన, అప్పటికి డిప్రెషన్ లేని 18,353 మందిని తీసుకుని, సగం మందికి ఫిష్ ఆయిల్, సగం మందికి మందు లేని ఉత్తుత్తి గుళికలు ఇచ్చి ఐదేళ్లకు పైగా చూశారు. 2021లో ఫలితాలు వచ్చాయి. ఫిష్ ఆయిల్ డిప్రెషన్‌ను ఆపలేదు. పైగా అది వేసుకున్నవాళ్లలోనే కాస్త ఎక్కువ మందికి వచ్చింది. ఆ తేడా చిన్నదే, దానికి భయపడక్కర్లేదు. కానీ గుళిక మింగితే చాలు, జబ్బు రాదు అనే ప్రచారానికి మాత్రం ఆధారం లేదని తేలింది.

మరి ఇప్పటికే డిప్రెషన్ ఉన్నవాళ్ల మాటేమిటి? నీ విషయంలో కావలసింది ఇదే కదా. అదే 2021లో, వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ ప్రయోగాలన్నీ జల్లెడ పట్టి, లాభం కొంచెం కనిపిస్తోంది గానీ మనిషికి తెలిసేంత ఉండకపోవచ్చని, ఆధారాలు కూడా బలంగా లేవని చెప్పింది. మేలు కనిపించిన ప్రయోగాల్లో ఎక్కువగా ఈపీఏ వాటా 60 శాతమో అంతకు మించో ఉన్న గుళికలే వాడారు. 2019లో మానసిక వైద్య నిపుణుల బృందం ఒకటి ఇచ్చిన సలహాలోనూ, డిప్రెషన్ మందులతో పాటు రోజుకు ఒకటి రెండు గ్రాముల ఈపీఏ ఇచ్చి చూడొచ్చని ఉంది. మందులతో పాటు, తల్లీ. మందులు మానేసి కాదు.

నాకు అన్నింటికన్నా ఆశ కలిగించింది ఆస్ట్రేలియాలో ఫెలీస్ జాకా అనే పరిశోధకురాలి బృందం 2017లో ప్రచురించిన చిన్న ప్రయోగం. డిప్రెషన్ ఉన్న 67 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు డైటీషియన్ తోడుండి చేపలు, కూరగాయలు, పప్పులు, గింజలు, ఆలివ్ నూనె ఎక్కువగా తినేలా చూశారు. రెండో జట్టుతో ఎవరో ఒకరు కూర్చుని కబుర్లు చెప్పారు. చాలామంది అప్పటికే మందులో కౌన్సెలింగో తీసుకుంటున్నారు, వాటిని ఆపలేదు. 12 వారాల తర్వాత మొదటి జట్టులో 32 శాతం మంది, రెండో జట్టులో 8 శాతం మంది డిప్రెషన్ నుంచి బయటపడ్డారు. ఎవరు ఏ జట్టులో ఉన్నారో వాళ్లకు తెలుసు, మనుషులు తక్కువ, కాబట్టి ఇదే చివరి మాట కాదు. అయినా చికిత్స సాగుతుండగా తిండి మొత్తం మెరుగుపడితే సాయపడుతుందన్నది నాకు నమ్మదగిన మాటగా అనిపిస్తోంది.

కాబట్టి చేపలు తిను. వారానికి రెండుసార్లు, వండాక ఒక్కోసారి 85 గ్రాములు అయినా చాలునని అమెరికా గుండె వైద్యుల సంఘం చెప్తుంది. నూనెలో ముంచి వేయించే బదులు ఉడికించుకో, కాల్చుకో. ఓపిక లేని రోజున డబ్బా సార్డీన్లు కూడా పనికొస్తాయి, వాటిలోనూ ఒమేగా-3 ఉంటుంది. షార్క్, కత్తిచేప లాంటి పెద్ద చేపలు వద్దు, వాటిలో పాదరసం ఎక్కువ. మున్ముందు పిల్లలు కావాలనుకునే ఆడపిల్లలు కొవ్వు చేపల్ని వారానికి రెండుసార్లు మించి తినొద్దని బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవ సూచన, అదీ గుర్తుంచుకో. ఫిష్ ఆయిల్ గుళికలు మాత్రం డాక్టర్‌ని అడగకుండా వేసుకోకు. ఎక్కువ మోతాదులో కొందరికి గుండె లయ తప్పే ప్రమాదం ఉంది.

ఇక మాత్రల సంగతి. అవి పని చేయడానికే కొన్ని వారాలు పడుతుంది. ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, నిద్ర పట్టకపోవడం, చిరాకు, తలలో కరెంటు షాక్ కొట్టినట్టు అనిపించడం ఉండొచ్చు. జబ్బు తిరగబెట్టొచ్చు. బాగున్నాననిపించాక కూడా సాధారణంగా కనీసం ఆరు నెలలు కొనసాగించి, తర్వాత డాక్టర్ చెప్పిన పద్ధతిలో కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. అవి నీకు పడకపోతే మందు మార్చొచ్చు, మోతాదు మార్చొచ్చు. ఆ మాట డాక్టర్‌తో నిర్మొహమాటంగా చెప్పు.

సరిగ్గా తినకపోవడం వల్లే నాకిలా అయిందేమో అని కూడా అన్నావు. ఆ ఆలోచన పెట్టుకోకు. ఈ జబ్బుకు వంశం, ఒత్తిడి, నిద్ర, జీవితంలో తగిలిన దెబ్బలు, ఇంకా ఎన్నో కారణాలు కలుస్తాయి. నువ్వు చేప తినని వారం ఉంటే అది తప్పు చేసినట్టు కాదు. ఏదీ తినబుద్ధి కాని రోజున ఏది లోపలికి పోతే అదే తిను.

చనిపోవాలనే ఆలోచన ఎప్పుడైనా వస్తే తెల్లారేదాకా ఆగకు. అర్ధరాత్రయినా నాకు ఫోన్ చెయ్యి, ఎమర్జెన్సీకి వెళ్లిపోదాం.

డాక్టర్ దగ్గరికి ఈ వారంలోనే అపాయింట్‌మెంట్ తీసుకో. ఫిష్ ఆయిల్ గురించి, మాత్రలతో నీకున్న ఇబ్బంది గురించి అడగాల్సినవి కాగితం మీద రాసి పెట్టుకో. ఏ రోజో చెప్తే నేనూ వస్తాను. అప్పటిదాకా రోజూ మాత్ర వేసుకున్నాక నాకో మెసేజ్ పెట్టు.

నాన్న