నాన్నగారికి, ఎంబీఏ సంగతి

డాలస్

నాన్నగారికి నమస్కారం.

ఫోన్లో ఈ మాట ఎత్తినప్పుడల్లా మిర్చి యార్డులో ఎవరో ఒకరు మిమ్మల్ని పిలుస్తారు. "రాత్రికి మాట్లాడదాంలేమ్మా" అంటారు. రాత్రయితే అమ్మ పెళ్లి సంబంధాల సంగతి తెస్తుంది. అందుకే రాస్తున్నాను. తీరిగ్గా చదివి అమ్మకీ వినిపించండి.

వచ్చే ఏడాది ఆగస్టులో ఉద్యోగం మానేసి రెండేళ్ల ఎంబీఏలో చేరాలనుకుంటున్నాను. "ఎంఎస్ చేశావుగా, మళ్లీ చదువేంటి" అన్నారు మీరు. మా కంపెనీ అమ్మేది ఆహార సరుకులు, నేను చూసేది వాటి గోడౌన్ల సాఫ్ట్‌వేర్. మొన్న ఒక మీటింగులో నేను తయారుచేసిన పట్టిక స్క్రీన్ మీద పెట్టి, ఎండుమిర్చి ఎంత కొనాలి, ఎన్ని నెలలకు నిల్వ పెట్టాలి అని అరగంట వాదించుకున్నారు. వాళ్లలో ఒక్కరూ కాయ విరిచి చూసినట్టు లేరు. మన కొట్లో మీరు మిర్చి బస్తా టిక్కీలోంచి గుప్పెడు తీసి, రంగు చూసి, తాలు కాయలు పక్కకి ఏరి ధర చెప్పడం చూస్తూ పెరిగినదాన్ని. ఏదో చెబుదామని నోరు తెరిచాను. "ఆ రెండో కాలమ్ కనబడట్లేదు, కాస్త పెద్దది చేస్తావా" అన్నారు. చేశాను! ఆ కొనుగోళ్ల పనిలోకి మారతానని ఇక్కడే అడిగితే అనుభవం లేదన్నారు.

ఎప్పుడు వెళ్లాలన్నదే అసలు చిక్కు. ఇక్కడ ఉద్యోగం చేసుకోనిచ్చే హెచ్‌-1బీ వీసా మామూలుగా మొత్తం ఆరేళ్లు. మధ్యలో చదువు కోసం ఎఫ్‌-1 అనే విద్యార్థి వీసాకి మారితే ఆ రెండేళ్లూ అందులోంచి తరగవు. మిగిలిన కాలం తర్వాత వాడుకోవచ్చు, దానికి మళ్లీ వీసా లాటరీలో పేరు రావక్కర్లేదు. మామూలుగా చదువయ్యాక ఓపీటీ అనే అనుమతి కింద ఏడాది, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) కోర్సయితే ఇంకో రెండేళ్లు పని చేసుకోనిస్తారు. నేను అది ఎంఎస్ తర్వాతే వాడేశాను. ఎంబీఏ కూడా మాస్టర్స్ స్థాయే కాబట్టి రెండోసారి ఇవ్వరు. అంటే చదువయ్యాక నాకు ఆధారం ఆ మిగిలిన హెచ్‌-1బీ కాలమే. వచ్చే ఆగస్టులో వెళ్తే రెండేళ్ల పైచిలుకు చేతిలో ఉంటుంది. ఇంకో రెండేళ్లు ఆగి వెళ్తే దాదాపు ఏమీ మిగలదు. ధర వస్తుందని కోల్డ్ స్టోరేజీలో సరుకు ఉంచితే అద్దె, వడ్డీ ఎలా తినేస్తాయో మీకు నేను చెప్పాలా? వచ్చే ఆగస్టులో వెళ్లినా, చదువయ్యాక నా పేరున వీసా కాగితాలు పెట్టే కంపెనీ దొరకాలి. ఆ టెన్షన్ ఉండనే ఉంది.

శని ఆదివారాల్లో చేసే ఎంబీఏ చాలదా అని బాబాయ్ అడిగాడట. చేయొచ్చు, ఉద్యోగం పోదు, వీసాకీ అడ్డు లేదు. ఉన్న కంపెనీలో ప్రమోషన్ కావాలంటే అదే మేలు. నాకు కావలసింది వేరే పని. రెండేళ్ల కోర్సులో మొదటి ఏడాది అయ్యాక వేసవిలో ఇంటర్న్‌షిప్ ఉంటుంది. నాలాగా పని మారేవాళ్లకి దారి తెరుచుకునేది అక్కడే. బాగా చేస్తే చాలాసార్లు ఆ కంపెనీయే ఉద్యోగం ఇస్తుంది. హైదరాబాదులో గచ్చిబౌలి ఐఎస్‌బీ బిజినెస్ స్కూలు మంచిదే, అమ్మకి దగ్గరగానూ ఉంటాను. కానీ అక్కడ నాలా అనుభవం ఉన్నవాళ్ల కోర్సు ఏడాదిలో ముగించేస్తారు, మధ్యలో వేసవి ఇంటర్న్‌షిప్‌కి చోటుండదు.

డబ్బు సంగతి. పేరున్న చోట్ల ఫీజు, ఖర్చులు కలిపి రెండేళ్లకి 2 లక్షల డాలర్లు దాటుతుంది. ఆ రెండేళ్ల జీతమూ ఉండదు. నా దగ్గర దాచింది కొంత ఉంది. స్కాలర్‌షిప్ ఇచ్చే చోటికే వెళ్తాను. ఎవరూ ఇవ్వకపోతే ఉన్న ఉద్యోగంలోనే ఉంటాను, అప్పుడు శని ఆదివారాల కోర్సు చూస్తాను. బ్రాడీపేట ఇల్లు మాత్రం తాకట్టు పెట్టొద్దు. బ్యాంకు మేనేజరు మీకు స్నేహితుడే అయినా సరే, నా పేరు చెప్పి ఆ కాగితాలు బయటికి తీయకండి.

ఎంబీఏ ప్రవేశ పరీక్ష జీమ్యాట్‌కి చదువుతున్నాను. ఇప్పుడు మూడే భాగాలు, ఒక్కొక్కటి 45 నిమిషాలు, గరిష్ఠ స్కోరు 805. ఇంటర్లో మనవాళ్లు రుద్దించిన లెక్కలు ఇప్పటికి అక్కరకొచ్చాయి. ఇంగ్లీషు భాగమే ఏడిపిస్తోంది. వచ్చిన స్కోరు ఐదేళ్లు చెల్లుతుంది కాబట్టి ఈసారి సీటు రాకపోయినా ఆ కష్టం వృథా కాదు. మొదటి విడత దరఖాస్తులు సెప్టెంబరులో, రెండోది జనవరి మొదట్లో. స్కాలర్‌షిప్ కావాలి కాబట్టి సెప్టెంబరుకే పంపుతాను. మా మేనేజరు సిఫారసు ఉత్తరం రాయాలి, అంటే నేను వెళ్లిపోతున్నానని ఆయనకి ఏడాది ముందే తెలిసిపోతుంది. ఏమంటాడో చూడాలి.

పెళ్లి గురించి అమ్మతో నేనే మాట్లాడతాను. మీరు మధ్యలో ఇరుక్కోవద్దు.

బీరువా పై అరలో, పాత ఎల్‌ఐసీ బాండ్ల కింద, నా బీటెక్ మార్కుల మెమోలు, ఒరిజినల్ డిగ్రీ ఉంటాయి. తమ్ముణ్ణి స్కాన్ చేసి పంపమనండి. ఫోన్‌తో ఫొటో తీస్తే పనికిరాదు, అరండల్‌పేటలో జిరాక్స్ షాపుకి వెళ్లమనండి.

మీ అమ్మాయి