ఆ నాలుగు వందల ఫిరంగుల సంగతి

మామా,

ఎట్లున్నావు? ఫోన్ చేస్తే నువ్వు సగంలో అడ్డం తగులుతావు. ఉత్తరంలో ఆ ఛాన్స్ లేదు, అందుకే రాస్తున్నా. కర్నూల్లో ఎండలు పేలిపోతున్నాయి. మధ్యాహ్నం కొండారెడ్డి బురుజు దగ్గర కుక్క కూడా కనబడదు.

తొమ్మిదో తరగతిలో రాయచూరు యుద్ధం నాటకం వేశాం, గుర్తుందా? నువ్వు విజయనగరం రాజు కృష్ణదేవరాయలు, నేను బీజాపూర్ సుల్తాను ఇస్మాయిల్ ఆదిల్ షా. అట్ట కత్తితో నా నడుం విరగ్గొట్టావు. ఇప్పుడు నెల రోజులుగా అదే యుద్ధం గురించి చదువుతున్నా. రిచర్డ్ ఈటన్ అనే అమెరికా చరిత్రకారుడు 2009లో దాని మీద పెద్ద వ్యాసం రాశాడు. ఆయన, ఫిలిప్ వాగనర్ కలిసి దక్కన్ కోటల చుట్టూ తిరిగి, బురుజులు, ఫిరంగులు ఎక్కించిన దిమ్మెలు చూసి, 2014లో పుస్తకం కూడా వేశారు. మన స్కూల్లో చెప్పింది ఒక కథ, వీళ్ళు చెప్పేది ఇంకో కథ.

1520 మే 19. బీజాపూర్ వాళ్ళు ఫిరంగులన్నీ ఒక్కసారే పేల్చేశారు. మన విజయనగరం వాళ్ళ ముందు వరుస కుప్పకూలింది. అయితే మళ్ళీ మందు కూరి గుండు పెట్టాలంటే టైం పడుతుంది కదా. ఆ సందులో రాయలు చెదిరినవాళ్ళను కూడగట్టి మీద పడ్డాడు, కృష్ణానది దాకా తరిమాడు. పెద్ద ఫిరంగులే 400 చేజిక్కాయని, విజయనగరం చరిత్ర రాసిన పోర్చుగీసు అతను నూనిజ్ రాశాడు.

బీజాపూర్ వాళ్ళ చేతిలో ఉన్న రాయచూరు కోటను రాయలు పట్టిన తీరు ఇంకా బాగుంటుంది. గోడ కింద చేరి గడ్డపారలతో రాళ్ళు పీకడమే! పీకిన రాయికి సైజును బట్టి డబ్బులు. మన ఉపాధి హామీ కొలతలు గుర్తొచ్చి నవ్వొచ్చింది. పైనున్న ఫిరంగులు గోడ మొదట్లో ఉన్నవాళ్ళకు గురి కుదరవు. కాబట్టి లోపలివాళ్ళు వంగి చూడాల్సిందే. గుర్రాలు అమ్ముకుందామని వచ్చిన ఫిగెరెడో అనే పోర్చుగీసు అతను, ఇరవై మంది తుపాకీవాళ్ళతో, తల బయటపెట్టినవాణ్ణల్లా కొట్టాడు. కోట అధికారి కూడా అట్లా తొంగిచూసి నుదుటిమీద గుండు తిన్నాడు. మర్నాడే కోట లొంగిపోయింది. తర్వాత ఇస్మాయిల్ తన సామాను తిరిగివ్వమని కబురంపితే, వచ్చి నా పాదం ముద్దు పెట్టుకో, ఇస్తా అన్నాడు రాయలు. నాటకంలో నువ్వు ఈ డైలాగ్ మిస్సయ్యావు, నా అదృష్టం.

ఈటన్ పట్టుకున్న పాయింట్ ఏంటంటే, ఫిరంగులున్నవాడు ఓడాడు, గడ్డపార, గుర్రం ఉన్నవాడు గెలిచాడు. దాంతో మనవాళ్ళకు ఫిరంగి మీద లెక్కలేనితనం వచ్చింది. ఆ 400 తెచ్చుకుని కూడా పెద్దగా నేర్చుకోలేదు. తన్నులు తిన్న బీజాపూర్ వాళ్ళకు మాత్రం నిద్ర పట్టలేదు. తర్వాత తర్వాత బురుజులు ఎత్తు పెంచి, ఫిరంగిని ఇరుసు మీద నిలబెట్టి ఎటు కావాలంటే అటు తిప్పేలా చేసుకున్నారు. రాయలు పోయిన ఏడాదికే, 1530లో, రాయచూరు మళ్ళీ వాళ్ళదైంది. 1565లో తళ్ళికోట యుద్ధంలో విజయనగరం ఓడిన సంగతి నీకు తెలిసిందే.

నేనైతే పూర్తిగా ఒప్పుకోను మామా. రాయచూరుకూ 1565కూ మధ్య 45 ఏళ్ళు. అప్పటి యుద్ధంలో మనవాళ్ళ దగ్గరా ఫిరంగులున్నాయి. ఒకరంటే ఒకరికి పడని దక్కన్ సుల్తానులు ఒకటి కావడమే అసలు దెబ్బ అని నా లెక్క. అయినా ఆ బురుజుల సంగతి చదివాక ఊరికే కూర్చోలేక బస్సెక్కి రాయచూరు పోయొచ్చా.

అక్కడ కోట గోడలో నలభై అడుగులు దాటిన ఒకే రాయి ఉంది. దాని మీద 1294 నాటి శాసనం, తెలుగులో! కాకతీయుల కాలంది. పక్కనే, అంత రాయిని దున్నపోతుల బండి మీద లాక్కొస్తున్న బొమ్మ గీసిపెట్టారు. అక్షరాల మీద వేలు పెట్టి కూడబలుక్కుంటూ ఉంటే, పక్కన టీ తాగుతున్న పెద్దాయన, ఏం రాసుంది సార్, నిధి ఏమైనా ఉందా అన్నాడు. అరగంట ఎండలో నిలబడితే నాలుగు మాటలు కూడా రాలేదు. నీకు పాత లిపి కొంచెం వచ్చు కదా, ఫోటోలు పంపుతున్నా. చదివి రాయి. ఈసారి నడుం జోలికి రాకు, డాక్టర్ బరువులు ఎత్తొద్దన్నాడు.

నీ ఇస్మాయిల్