యువజన సంఘం బిల్డింగ్ తాళం ఎవరి దగ్గరుంది?

ఎడిటర్ గారికి నమస్తే,

జనవరి 12న వివేకానందుని జయంతి నాడు పేపర్ల నిండ యువత గురించే ఉంటది, ర్యాలీలు, రన్నులు, స్టేజి మీద స్పీచులు, మంచిదే, నేను కాదంటలేను. కానీ ఆ ఒక్క రోజు దాటినంక ఊర్లల్ల పిల్లగాండ్లు ఎక్కడ కూసుంటున్నరు, ఏం చేస్తున్నరు అని ఎవ్వరూ అడగరు. మా దిక్కు చానా ఊర్లల్ల గోడ మీద "యువజన సంఘ భవనం" అని రాసి ఉన్న ఒక బిల్డింగ్ ఉంటది, ఎప్పుడో ఎమ్మెల్యే ఫండ్స్ తోనో ఎంపీ ఫండ్స్ తోనో కట్టింది. లోపట చూస్తే బ్లీచింగ్ పౌడర్ సంచులు, ఇరిగిపోయిన కుర్చీలు, ఎలక్షన్ల ఫ్లెక్సీ ఫ్రేములు. కొన్ని కాడ రేషన్ బియ్యం దించుతరు, కొన్ని కాడ కాంట్రాక్టర్ సిమెంట్ పెట్టుకుంటడు. యూత్ మాత్రం బస్టాండ్ల గద్దె మీద కూసుంటరు, మళ్ల వాళ్లనే మనం ఖాళీగ తిరుగుతున్నరు అని తిడతం.

నేను ఒకప్పుడు మా ఊరి యూత్ కు ప్రెసిడెంట్ గ చేసినోన్ని కాబట్టి కొంచెం గట్టిగనే రాస్తున్న, ఏమనుకోవద్దు.

నెహ్రూ యువ కేంద్రాలు 1972ల మొదలైనయి, 1987ల వాటన్నిటికి కలిపి సంఘటన్ అని ఒక సంస్థ పెట్టిండ్రు. జిల్లాకు ఒక ఆఫీసు ఉండేది, ఆడికెళ్లి ఎవరో ఒకరు ఊరికి వచ్చేటోళ్లు, సంఘం పెట్టుకోండ్రి అని చెప్పేటోళ్లు, వాలీబాల్ నెట్టో క్యారమ్ బోర్డో ఇచ్చేటోళ్లు. సొసైటీ రిజిస్ట్రేషన్ కు ఏడుగురు మెంబర్లుంటే సరిపోతది, బైలా రాసుకోని రిజిస్ట్రార్ ఆఫీసుకు పోవుడే. అదేం గొప్ప సౌకర్యం కాదు గని ఒక మినిట్స్ బుక్కు ఉండేది, నెలకోసారి మీటింగు, ఎవరు ఏం మాట్లాడిండ్రో రాసుడు, పైసల లెక్క రాసుడు. డిగ్రీ చదువని పిల్లగాండ్లు కూడా మీటింగ్ ఎట్ల నడపాలె, అర్జీ ఎట్ల రాయాలె అన్నది ఆడనే నేర్చుకున్నరు. ఇప్పుడు 2023 అక్టోబర్ 31 నుంచి మేరా యువ భారత్ అని కొత్తది వచ్చింది, 15 నుంచి 29 ఏండ్లోళ్లు పోర్టల్ల పేరు ఎక్కించుకోవాలె. ఎక్కించుకున్నరు కూడా, కాలేజీలల్ల సార్లే దగ్గరుండి చేయించిండ్రు. ఆ తర్వాత ఊర్లె ఏమన్న మారిందా అంటే నాకైతే కనవడలే. పోర్టల్ల పేరుంటె సంఘం ఐతదా? నలుగురు మొకాలు చూసుకోని కూసునే జాగ ఉండాలె గద.

యూత్ అంత ఫోన్లల్లనే ఉంటున్నరు, సేవ లేదు గివ లేదు అనే మాట నేను ఒప్పుకోను. కరోన టైంల ఊరికి కంప అడ్డం పెట్టి కాపలా ఉన్నది ఎవరు, గల్లీలల్ల మందు కొట్టింది ఎవరు, బయటికి రాలేని ముసలోళ్లకు గోలీలు తెచ్చిచ్చింది ఎవరు. ఎండకాలం చలివేంద్రం పెట్టేది వాళ్లే, బతుకమ్మకు ముందు చెరువు కాడ ముండ్ల చెట్లు కొట్టి బాట చేసేది వాళ్లే, ఊర్లె ఎవలన్న సచ్చిపోతే అర్ధరాత్రైనా వచ్చి టెంటు వేసేది వాళ్లే. మా దిక్కు పిల్లగాండ్లు ఎవరి బ్లడ్ గ్రూప్ ఏంది, లాస్ట్ ఎప్పుడు ఇచ్చిండు అని వాట్సాప్ గ్రూపుల లిస్టు పెట్టుకున్నరు, ఎందుకంటే మొగోళ్లు ఒకసారి ఇస్తే మళ్ల మూడు నెలలు ఆగాలె, ఆడోళ్లైతే నాలుగు నెలలు, ఆ లెక్క తప్పకుండ చూసుకుంటరు. ఎండకాలం కాలేజీలు బంద్ ఉండి క్యాంపులు జరగవు, బ్లడ్ బ్యాంకులల్ల రక్తం తక్కువ పడ్తది, తలసేమియా పిల్లలకేమో ఎక్కించుడు ఆపరాదు, అటువంటప్పుడు ఇసొంటి లిస్టే పనికొస్తది. దీనికి ఏ పోర్టల్ చెప్పలే, ఏ సర్టిఫికెట్ రాలే.

ఇంకోటి చెప్తా, ఇది చానా మంది ఆఫీసర్లకు తెల్వది. పొద్దుగాల నాలుగున్నర ఐదు గంటలకు మెయిన్ రోడ్డు మీద చూడండ్రి, ఊరూరికి పిల్లలు ఉరుకుతుంటరు. కానిస్టేబుల్ ఈవెంట్స్ లో మొగపిల్లలకు 1600 మీటర్లు, ఆడపిల్లలకు 800 మీటర్లు రన్నింగ్ ఉంటది, దాని తర్వాత లాంగ్ జంప్, షాట్ పుట్. చీకట్ల లారీలు, ఇసుక ట్రాక్టర్లు పోతుంటయి, పిల్లలు ఫోన్ లైట్ పట్టుకోని సైడుకు ఉరుకుతరు. మరి 2022ల ఊరూరికి క్రీడా ప్రాంగణం అని పెట్టిండ్రు కదా అంటరు. పెట్టిండ్రు, ఎవ్వలికి అక్కరలేని జాగల పెట్టిండ్రు. గుట్ట పక్కన, చెరువు శిఖం కాడ, ఊరికి కిలోమీటర్ దూరంల. బోర్డు ఉంది, రెండు ఇనుప బార్లు ఉన్నయి, మిగితాదంత తుమ్మ చెట్లు. అర ఎకరం జాగల 1600 మీటర్లు ఉరకాలంటే అంచు పట్టుకోని తిరిగినా తొమ్మిది రౌండ్లు పడ్తయి, అది కూడా నేల సాఫ్ గ ఉంటే. పొక్లెయిన్ తోని ఒక్క పూట సాఫ్ చేయించి రెండు లైట్లు వేస్తే మిగిలిన పని యూత్ చూసుకుంటరు, కొత్త స్కీం ఏం అవసరం లేదు.

ఆడపిల్లల ముచ్చట వేరే చెప్పాలె. యూత్ అంటే ఊర్లె మొగపిల్లలే అన్నట్టు నడుస్తుంది, ఆడపిల్లలను బతుకమ్మకు తప్ప ఎవ్వరు పిలువరు. కానీ అదే పిల్ల డిగ్రీ కాలేజీల ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) వాలంటీర్. 1969 నుంచి నడుస్తున్న ప్రోగ్రాం అది, రెండేండ్లల్ల 240 గంటలు సేవ చేయాలె, దత్తత తీసుకున్న ఊర్లె వారం రోజుల క్యాంపు ఉండాలె. ఇంకో ఊరికి పోయి మోరీలు తీస్తది, ఇంటింటికి తిరిగి సర్వే చేస్తది, బడి పిల్లలకు పాఠాలు చెప్తది, తన సొంతూర్లె మాత్రం ఒక కుర్చీ లేదు. ఆ క్యాంపులు కూడా విచిత్రంగ ఉంటయి, కాలేజీ పిల్లలు చీపుర్లు పట్టుకోని ఊడుస్తుంటే ఊరి యూత్ గద్దె మీద కూసోని చూస్తుంటరు, వాళ్లను కలుపుకోవాలన్న ఆలోచన ఇటు సార్లకు లేదు అటు ఊరోళ్లకు లేదు, వారం అయిపోయినంక మళ్ల మోరీ నిండుతది. క్యాంపు పెట్టే ముందు ఆ ఊరి సంఘంతోని ఒక్క మీటింగ్ పెట్టుకుంటే ఆ పని ఏడాదంత నడుస్తది కదా.

యూత్ ను కూడా రెండు మాటలు అనకతప్పదు. వినాయకుని చందాలు లక్షలల్ల వసూలు చేస్తరు, డీజేకు ఎంత పోయింది, లడ్డు వేలంపాటల ఎంతొచ్చింది, మిగిలింది ఎంత అంటే లెక్క చెప్పేటోడు ఉండడు, అడిగితే కోపం. హైదరాబాద్ దగ్గరి బాలాపూర్ వినాయకుని లడ్డు 1994ల 450 రూపాయలకు పోయింది, 2025ల 35 లక్షలకు పోయింది, ఆ పైసలు గుడికి, బడికి, ఊరి పనులకు పెడుతున్నమని ఆ సమితి పబ్లిక్ గ చెప్తది. మనకు లక్షల వేలం అక్కర్లేదు, వచ్చిన ఇరువై వేలకైనా పంచాయతీ గోడకు ఒక కాగితం అతికించండ్రి, వచ్చే యేడు చందా అడుగకముందే ఇస్తరు. ఇగ లీడర్ల బర్త్ డే ఫ్లెక్సీల మీద స్టాంప్ సైజు ఫొటోల కోసం ఒక్క ఊర్లె మూడు యూత్ లు అయినయి, ఒకరు పెట్టిన చలివేంద్రంల ఇంకొకరు నీళ్లు తాగరు. ఎలక్షన్లకు ముందు క్రికెట్ కిట్టు ఇచ్చినోనికి ఓటు వేసినంక రోడ్డు ఎందుకు వెయ్యలే అని ఏ మొకం పెట్టుకోని అడుగుతరు?

ఇప్పుడెందుకు రాస్తున్ననంటే, 2024 ఫిబ్రవరి నుంచి దాదాపు రెండేండ్లు ఊర్లల్ల సర్పంచులు లేక స్పెషల్ ఆఫీసర్ల పాలన నడిచి, 2025 డిసెంబర్ల ఎలక్షన్లై కొత్త సర్పంచులు వచ్చిండ్రు. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలె. అదే చట్టం కింద ఊరికి నాలుగు స్టాండింగ్ కమిటీలు, ఒక్కోదాంట్ల 15 మంది, సగం ఆడోళ్లు. పల్లె ప్రగతి అనే సర్కారు ప్రోగ్రాం టైంల పేర్లు రాసుకున్నరు, ఆ లిస్టుల ఎవరున్నరో ఉన్నోళ్లకే యాదికి లేదు. కొత్తగ వేసేటప్పుడు ముప్పై ఏండ్ల లోపు పిల్లలను, ముఖ్యంగ చదువుకున్న ఆడపిల్లలను తీసుకోండ్రి. చెట్లు, వీధి లైట్లు, పారిశుధ్యం అన్ని వాళ్లు ఇప్పటికే ఫుకట్ ల చేస్తున్న పనులే, హోదా ఇచ్చి చేయమంటే ఇంకా బాగ చేస్తరు.

బిల్డింగ్ సంగతికొస్తే, దాన్ని రీడింగ్ రూమ్ చేస్తే చాలు, పిల్లలు వాళ్లంతట వాళ్లే వస్తరు. గ్రూప్స్ కు, కానిస్టేబుల్ కు చదివే పిల్లలు హైదరాబాద్ అశోక్ నగర్ ల హాస్టల్ ఫీజులు కట్టలేక వాపస్ వచ్చి ఇండ్లల్ల టీవీ సౌండ్ల మధ్య చదువుతున్నరు. మనం ఇంటి పన్ను కట్టేటప్పుడు రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కూడా కడుతున్నం, రసీదు తీసి చూసుకోండ్రి. ఆ పైసలు జిల్లా గ్రంథాలయ సంస్థకు పోవాలె. మన ఊర్లకెళ్లి ఎంత వసూలైంది, ఎంత కట్టిండ్రు, దానికి బదులుగ మన ఊర్లకు ఎన్ని పుస్తకాలు వచ్చినయి అని వచ్చే గ్రామసభల పిల్లలే లేచి అడగాలె. జిల్లా పంచాయతీ ఆఫీసర్ గారికి నా విన్నపం ఒక్కటే, మండలాల వారీగ యువజన సంఘ భవనాల లిస్టు తెప్పియ్యండ్రి, లోపట ఏముందో ఫొటోలతోని. బియ్యం, సిమెంట్ ఎవరివైతే వాళ్లను పదిహేను రోజులల్ల తీసుకపొమ్మని నోటీస్ ఇయ్యండ్రి. కరెంట్ బిల్లు పంచాయతీ కట్టాలె, ఊడ్చుడు, పుస్తకాల రిజిస్టర్ యూత్ చూసుకోవాలె, తాళంచెవులు రెండు, ఒకటి సెక్రెటరీ దగ్గర, ఇంకోటి సంఘంల ఒక ఆడపిల్ల దగ్గర.

ఇట్లు,
ఒక పాత యూత్ ప్రెసిడెంట్,
జగిత్యాల జిల్లా