ఊపిరి లెక్కను డప్పుల హోరులో ముంచకండి

సంపాదకులకు నమస్కారం.

మా నల్లకుంటలో ఈ మధ్య ఒక ఫ్లెక్సీ వెలిసింది: ‘నెల రోజుల్లో ఒళ్లు తగ్గించే అష్టాంగ విన్యాస యోగా, వారంలో 7 రోజులూ’. బడిపిల్లలకు వ్యాయామం నేర్పి విశ్రాంతి తీసుకుంటున్నదాన్ని, ఊరుకోలేక వెళ్లి చూశాను. అపార్ట్‌మెంట్ సెల్లార్ నిండా జనం, చెవులు దిబ్బెళ్లు పడే పాటలు. కొత్తా పాతా తేడా లేకుండా అందరికీ ఒకే పరుగు.

యోగా గురువు కృష్ణమాచార్య శిష్యుడు పట్టాభి జోయిస్ మైసూరులో 1948లో సంస్థ పెట్టి నేర్పిన పద్ధతి ఇది. ఒళ్లు వంచక తప్పని సాధనే, కాదనను. కానీ నడిపించేది ఊపిరి. సంస్కృతంలో లెక్క చెబుతారు: ‘ఏకం’ (ఒకటి) అనగానే గాలి పీలుస్తూ చేతులెత్తాలి, ‘ద్వే’ (రెండు) అంటే వదులుతూ ముందుకు వంగాలి. మొదటి రకం సూర్యనమస్కారానికి ఇలాంటి కదలికలు 9, రెండో రకానికి 17. ఆసనంలో నిలిచాక సాధారణంగా 5 శ్వాసలు. గాలి గొంతులో సన్నగా రాసుకుంటున్న చప్పుడు ఎవరికి వారికి వినబడాలి. ఆ డప్పుల హోరులో ఏం వినబడుతుంది?

అరచేతులు, కాలివేళ్ల మీద ఒంటిని నేలకు సమాంతరంగా నిలిపే చతురంగ దండాసనం చూస్తే మరీ భయం వేసింది. మోచేతులు పక్కటెముకలకు దగ్గరగా ఉండాలి, భుజాలు మోచేతుల కంటే కిందికి జారకూడదు. అక్కడ చాలామంది మోచేతులు రెక్కల్లా విప్పి ధబ్బున పొట్ట మీద పడుతున్నారు. కూర్చుని వేసే ఆసనాల నడుమ మళ్లీ మళ్లీ వచ్చేది ఇదే కదా, భుజం కీళ్లు ఏం కావాలి? శిక్షకుడు మాత్రం వేదిక దిగలేదు.

మైసూరు పద్ధతిలో ఎవరి చాప మీద వారు, తమ ఊపిరి వేగంతో చేసుకుంటారు. గురువు మధ్యలో తిరుగుతూ సరిదిద్దుతారు. ఒక ఆసనం కుదిరాకే తర్వాతిది. కొత్తవారికి మొదట సూర్యనమస్కారాలే చాలు. శనివారం, అమావాస్య, పౌర్ణమి సెలవు. ఫ్లెక్సీవారికి ఆ సంగతి చెప్పబోతే నవ్వేశారు.

జూన్ 21న యోగా దినోత్సవానికి గుంపుల ఫొటోలు మీరు ఎలాగూ వేస్తారు. వాటి పక్కన చతురంగ దండాసనం ఎలా వేయాలో, ఎలా వేయకూడదో రెండు బొమ్మలు కూడా వేయండి. చేరాలనుకునేవారు డబ్బు కట్టే ముందు ఒక పూట తరగతి చూడండి. మణికట్టు, భుజం, నడుము నొప్పుల గురించి అడగకుండానే చేర్చుకుంటామంటే వెనక్కి వచ్చేయండి.

– ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయురాలు,
నల్లకుంట, హైదరాబాద్