30 యాక్ట్ లేని నెల ఒక్కటి చూపించండి: హోం మంత్రిగారికి కర్నూలు నుంచి బహిరంగ లేఖ

గౌరవ రాష్ట్ర హోం మంత్రిగారికి,

నమస్కారం. కర్నూలు నుంచి రాస్తున్నా. ఇందులో పింఛను అర్జీ లేదు, బదిలీ సిఫారసు లేదు, ఏ ఒక్క అధికారి మీదా ఫిర్యాదు కూడా లేదు. ఒకే ఒక్క చట్టంలో ఒకే ఒక్క సెక్షన్ గురించి అడగాలని ఈ ఉత్తరం. పోలీస్ యాక్ట్ 1861, సెక్షన్ 30. మా దగ్గర అందరూ దాన్ని ‘30 యాక్ట్’ అనేస్తారు.

సీమ జిల్లాల పేపర్లు తిరగేస్తే ఈ వార్త కనపడని నెల అరుదు. ఫలానా సబ్ డివిజన్ పరిధిలో ఈ నెలాఖరు దాకా 30 యాక్ట్ అమల్లో ఉంటుంది, అనుమతి లేకుండా సభలు, ర్యాలీలు, ధర్నాలు చేస్తే కఠిన చర్యలు, కింద డీఎస్పీ గారి పేరు. నెలాఖరు వస్తుంది, మళ్లీ అదే వార్త, తేదీ ఒక్కటే మారుతుంది. ఆదోని అయినా, ప్రొద్దుటూరు అయినా, తాడిపత్రి అయినా అవే మాటలు. చదివీ చదివీ మాకు అది పంచాంగంలో వర్జ్యం లాగా అలవాటైపోయింది. ఎందుకు పెట్టారని ఎవరూ అడగరు, ఎప్పుడు తీసేశారని ఎవరికీ గుర్తుండదు.

నాకు అనుమానం వచ్చి ఆ సెక్షన్ తెచ్చుకుని చదివా మంత్రిగారూ. అందులో నిషేధం అనే మాటే లేదు. అవసరాన్ని బట్టి రోడ్ల మీద సభలు, ఊరేగింపులు ఎలా నడవాలో, ఏ దారిన, ఏ టైమ్‌లో పోవాలో పోలీసు అధికారి చెప్పొచ్చు, అంతే. లైసెన్స్ తీసుకోమని అడగొచ్చు కానీ దానికీ ఒక షరతు ఉంది: ఫలానా గుంపు ఫలానా రోడ్డు మీద చేరబోతోందని అధికారికి నమ్మకం కలగాలి, దాన్ని అదుపు చేయకపోతే గొడవ జరుగుతుందని మేజిస్ట్రేట్‌కి అనిపించాలి. ఇంతా చేసి, లైసెన్స్ షరతులు మీరితే సెక్షన్ 32 ప్రకారం పడే జరిమానా రెండు వందల రూపాయలకు మించదు. పేపర్లో ‘కఠిన చర్యలు’ అని పడేది ఈ రెండు వందల గురించే! ఆ చట్టం ఎరగని పనులు మాత్రం దాని పేరు చెప్పి బాగానే జరుగుతాయి. తెల్లారేసరికి ఇంటి ముందు కానిస్టేబుళ్లు, ‘హౌస్ అరెస్ట్’ అని ఒక మాట, మధ్యాహ్నం దాకా స్టేషన్‌లో కూర్చోబెట్టి టీ తాగించి పంపడం. ఇంట్లో వాళ్లకు ఎంత టెన్షనో చెప్పక్కర్లేదు. హౌస్ అరెస్ట్ ఏ సెక్షన్ కింద చేశారని అడిగితే స్టేషన్‌లో అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

ఇంతకీ ఈ చట్టం ఎందుకు పుట్టింది? 1857 తిరుగుబాటు చూసి తెల్లదొరలకు వణుకు పుట్టింది, 1860లో ఒక పోలీస్ కమిషన్ వేశారు, 1861 మార్చి 22న చట్టం వచ్చింది. నమూనా ఐర్లాండ్ పోలీసులది, అంటే అక్కడ కూడా పాలించే వాళ్ల మాట వినని జనం మీద కాపలా పెట్టిన దళం. మన ఆంధ్ర ప్రాంతానికి ఇంతకంటే రెండేళ్లు పెద్దది ఇంకొకటి ఉంది, 1859 నాటి జిల్లా పోలీస్ చట్టం. మద్రాసు ప్రెసిడెన్సీది. శిస్తు వసూలు కోసం రైతుల్ని చిత్రహింసలు పెడుతున్నారని 1855లో అక్కడి టార్చర్ కమిషన్ రిపోర్ట్ ఇచ్చాక, రెవెన్యూని, పోలీసుని విడదీయడానికి తెచ్చారు. అది ఇప్పటికీ పేరు ముందు ఆంధ్రప్రదేశ్ అని తగిలించుకుని బతికే ఉంది.

కర్నూలు వాడిగా నాకు ఇక్కడే మంట. ఇంగ్లీషు వాళ్ల మీద తిరగబడ్డ ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరి తీశారు, తల కోట గుమ్మానికి వేలాడదీశారు, 1877 దాకా ఆ తల అక్కడే ఉందని చెబుతారు. ముప్పై ఏళ్లు. అంటే ఆ తల అలా వేలాడుతుండగానే ఈ 1859, 1861 చట్టాలు రెండూ వచ్చాయి. ఆయన వెంట నడిచిన వాళ్లలో కట్టుబడి వాళ్లు చాలామంది, తరాలుగా ఊళ్ల కాపలా కాసి దానికి బదులు ఇనాం భూములు అనుభవించిన వాళ్లు. ఒక రకంగా అప్పటి ఊరి పోలీసులే. ఈస్టిండియా కంపెనీ ఆ భూములు లాక్కుంది, వాళ్లు తిరగబడ్డారు, తర్వాత కొత్త పోలీసు వచ్చింది, ఊరి మనిషి కాకుండా సర్కారు మనిషిగా.

2021 మార్చి 25న ఓర్వకల్లు ఎయిర్‌పోర్ట్‌కి ఆ నరసింహారెడ్డి పేరే పెట్టారు. సంతోషం, మేమూ చప్పట్లు కొట్టాం. కానీ ఈరోజు ఆయన బతికొచ్చి కోయిలకుంట్ల బస్టాండ్ దగ్గర నలుగురిని పోగేసి మాట్లాడాలన్నా డీఎస్పీ ఆఫీసులో అప్లికేషన్ పెట్టుకోవాలి కదా! అప్లికేషన్‌లో కార్యకర్తల ఫోన్ నంబర్లు, మైక్ ఎన్ని గంటల దాకా, ఏం జరిగినా నాదే బాధ్యత అని ఒక హామీ పత్రం. ఆయన సంతకం పెట్టేవాడంటారా?

తెల్లవాడు చేశాడు కాబట్టి తీసేయండి అనడం లేదు నేను. మా సీమ వాళ్లు ఆ విషయంలో చాలా ఉదారులు. 1800లో నిజాం మమ్మల్ని ఇంగ్లీషు వాళ్లకు అప్పజెప్పాక కలెక్టర్‌గా వచ్చిన మన్రో పేరు పిల్లలకు ‘మన్రోలప్ప’ అని పెట్టుకున్నారు, మంత్రాలయంలో ఆయనకు రాఘవేంద్రస్వామి కనిపించాడని ఇప్పటికీ కథలు చెప్పుకుంటారు. కేసీ కెనాల్, అంటే కర్నూలు-కడప కాలువ, తవ్వింది కూడా ఒక ఇంగ్లీషు కంపెనీయే, అది దివాళా దశకు వస్తే 1882లో ప్రభుత్వం కొనుక్కుంది. ఆ కాలువ నీళ్లు తాగుతూ తెల్లవాడిని తిడితే అన్యాయం. పనికొచ్చింది ఉంచుకుందాం. ప్రజల్ని అనుమానించడానికి చేసిన దాన్ని మాత్రం డెబ్బై ఏళ్లు దాటిన స్వరాజ్యంలో ఇంకా ఎందుకు మోస్తున్నాం అన్నదే నా ప్రశ్న.

2024 జూలై 1 నుంచి ఐపీసీ, సీఆర్పీసీ, ఎవిడెన్స్ యాక్ట్ పోయి కొత్తవి వచ్చాయి. వలస చట్టాలకు చరమగీతం అని కేంద్రం చెప్పింది, మీ స్టేషన్లలోనూ సభలు పెట్టి ప్రజలకు చెప్పారు. 144 సెక్షన్ ఇప్పుడు 163 అయింది, లోపల సరుకు అదే. 1861 పోలీస్ యాక్ట్ జోలికి మాత్రం ఎవరూ పోలేదు. పోలీసు రాష్ట్రాల సబ్జెక్టు కదా, అంటే బంతి మీ కోర్టులోనే ఉంది.

మీ అధికారుల సమాధానం నాకు తెలుసు. “సీమ అంటే సెన్సిటివ్ ఏరియా సార్, ఫ్యాక్షన్ ఉంది.” ఫ్యాక్షన్‌ని నేను తక్కువ చేయను. నాటుబాంబుల కాలంలో ఈ జిల్లాల్లో ఎన్ని ఇళ్లలో ఆడవాళ్లు ముండమోశారో మాకు తెలిసినంత ఎవరికీ తెలియదు. అయితే ఫ్యాక్షన్ హత్య ఏదీ డీఎస్పీ ఆఫీసులో అప్లికేషన్ పెట్టుకుని, మైక్ పర్మిషన్ తీసుకుని జరగలేదు. 30 యాక్ట్ ఆపింది ఎవరినో చూడండి: అంగన్‌వాడీ టీచర్లని, ఆశా వర్కర్లని, విద్యార్థి సంఘాల పిల్లల్ని, ధర పడిపోయిన ఉల్లి రైతుని. బాంబులు చుట్టిన వాళ్లకు ఈ సెక్షన్ ఉన్నట్టు కూడా తెలిసి ఉండదు.

ఇంకొకటి. దేవరగట్టు గురించి మీకు ప్రతి దసరాకి రిపోర్ట్ వస్తుంది. హొళగుంద మండలంలో కొండ మీద మాళ మల్లేశ్వరుడి కల్యాణం, ఆ తర్వాత అర్ధరాత్రి బన్ని ఉత్సవం, చేతుల్లో కర్రలు, దివిటీలు, వేలాది జనం, ఉత్సవమూర్తుల కోసం ఊళ్లకు ఊళ్లు కర్రలతో తలపడటం. ఏటా తలలు పగులుతాయి, కొన్నేళ్లు ప్రాణాలు కూడా పోయాయి. అయినా మీ పోలీసులు దాన్ని నిషేధించలేదు, నిషేధించలేరు కూడా. నెల ముందు నుంచి ఊళ్లలో మీటింగులు పెడతారు, సీసీ కెమెరాలు, డ్రోన్లు, అక్కడే వైద్య శిబిరం, వందల మంది బందోబస్తు. అది ఆచారం కాబట్టి సర్దుకుంటారు, సర్దుకోవడం తప్పని నేను అనను. కానీ చీకట్లో కర్రల సమరాన్ని నడిపించగలిగిన డిపార్ట్‌మెంట్‌కి పట్టపగలు చేతిలో ఉల్లిగడ్డలు పట్టుకున్న యాభై మంది రైతుల్ని చూస్తే భయం ఎందుకు? మొక్కుకునే గుంపు అయితే దారి ఇస్తారు, అడిగే గుంపు అయితే ఆపుతారు. నాకైతే తేడా అదొక్కటే కనిపిస్తోంది.

మా వైపు ఒక సీజన్‌లో ఉల్లి ధర కోత కూలికి కూడా రానంత పడిపోతే రైతులు మార్కెట్ బయట గంటసేపు కూర్చుందామనుకున్నారు. పర్మిషన్ కోసం పోతే ముందు ఒక ఆఫీసు, అక్కడి నుంచి ఇంకొకటి, “సారు బందోబస్తులో ఉన్నారు, రేపు రండి.” చివరికి నోటి మాటగా వచ్చిన జవాబు, “ఏమప్పా, 30 యాక్ట్ ఉంది తెలీదా?” కాగితం మీద రాసివ్వమంటే ఇవ్వరు. రాసిస్తే కోర్టుకు పోతారని భయం. ఈ లోపల సరుకు కుళ్లిపోయింది, పారబోశారు. పారబోసిన ఫోటో మాత్రం పేపర్లో వచ్చింది, దానికి పర్మిషన్ అక్కర్లేదు మరి.

నీళ్ల సంగతీ అంతే. సిద్ధేశ్వరం దగ్గర కృష్ణ మీద అలుగు కట్టమని సీమ రైతులు ఎన్నాళ్లుగానో అడుగుతున్నారు. 2016 మే 31న వేలమంది పోయి తామే శంకుస్థాపన చేశారు, పోలీసులు ఆపాలని చూసినా పోయారు. తుంగభద్ర డ్యామ్ పూడిక నిండి 133 టీఎంసీల నుంచి 105కి పడిపోయింది, అనంతపురానికి ఆ డ్యామ్ ఎగువ కాలువ (హెచ్చెల్సీ) నీళ్లు ఏ ఏడు ఎన్ని వస్తాయో తెలియదు. 1937 నవంబర్ 16న శ్రీబాగ్‌లో కోస్తా, సీమ పెద్దలు నీళ్లలో సీమకు ముందు వాటా అని రాసుకున్న ఒప్పందం గుర్తు చేయడానికి ప్రతి నవంబర్‌లో ఇక్కడ సభలు జరుగుతాయి. నీళ్లు లేని చోట జనం రోడ్డెక్కుతారు, రోడ్డెక్కితే సెన్సిటివ్ ఏరియా అవుతుంది, సెన్సిటివ్ కాబట్టి 30 యాక్ట్, దాంతో నీళ్ల సంగతి అమరావతి దాకా చేరదు. ఈ గానుగెద్దు తిరుగుడుని శాంతిభద్రతలు అంటున్నారు మీ వాళ్లు.

ఇక మీ పార్టీ వాళ్లకు జీవో నంబర్ 1 గుర్తుండే ఉంటుంది. 2022 డిసెంబర్ 28న కందుకూరులో ఎనిమిది మంది, నాలుగు రోజులకే గుంటూరులో ముగ్గురు తొక్కిసలాటల్లో చనిపోయారు. వెంటనే 2023 జనవరి 2న అప్పటి ప్రభుత్వం రోడ్ల మీద సభలు, ర్యాలీలు వద్దని జీవో ఇచ్చింది, ఏ అధికారంతో అంటే ఇదే సెక్షన్ 30తో. అప్పుడు ప్రతిపక్షంలో ఉన్న మీ వాళ్లంతా చీకటి జీవో అని భోగి మంటల్లో వేశారు, హైకోర్టు మే నెలలో కొట్టేసింది. జీవో పోయింది కానీ దాని తల్లి, ఈ సెక్షన్ 30, ఇంకా డీఎస్పీ ఆఫీసుల్లోనే ఉంది. అధికారంలోకి వచ్చాక ఆమె మీకు కూడా దగ్గరి చుట్టమైనట్టుంది! ఆ పార్టీ ఈ పార్టీ అని లేదు, అందరికీ అవసరమే.

సుప్రీంకోర్టు 1972లోనే, హిమత్‌లాల్ షా కేసులో, అయిదుగురు జడ్జీలు కూర్చుని చెప్పారు: రోడ్ల మీద సభల్ని క్రమబద్ధం చేయొచ్చు, మొత్తానికే వద్దనే అధికారం ఏ అధికారి చేతిలోనూ పెట్టకూడదు అని. ఘనా కూడా మనలాగే ఇంగ్లీషు వాళ్ల కింద ఉండి 1957లో బయటపడిన దేశం. అక్కడ ఒక ప్రతిపక్ష పార్టీ వేసిన కేసులో 1993లో వాళ్ల సుప్రీంకోర్టు, సభకి పోలీసు పర్మిషన్ కావాలనడం వలస పాలన వదిలిపోయిన అవశేషం, ఇక చెల్లదు అని తేల్చేసింది. మరుసటి ఏడే కొత్త చట్టం చేసుకున్నారు: అయిదు రోజుల ముందు పోలీసులకు చెబితే చాలు, అడుక్కోనక్కర్లేదు. జాంబియాలో కూడా 1996లో కోర్టు ఇలాగే చెప్పింది, కానీ అక్కడ పోలీసులు ఆ సమాచార కాగితాన్నే పర్మిషన్ కాగితంలా వాడుకున్నారు. కాబట్టి చట్టం రాసేటప్పుడు ఆ సందు కూడా మూయాలి.

నేను కోరేది పెద్ద విప్లవం కాదు. 1859, 1861 చట్టాల బదులు మన అసెంబ్లీలో ఒక కొత్త పోలీస్ చట్టం పెట్టండి, కేరళ 2011లో చేసుకుంది. 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో పోలీసు సంస్కరణల మీద సుప్రీంకోర్టు ఇచ్చిన ఏడు ఆదేశాల్నీ అందులో పెట్టండి. సభకి మూడు రోజుల ముందు సమాచారం ఇస్తే స్టేషన్‌లో ముద్ర వేసి రసీదు ఇవ్వాలని రాయండి, కాదంటే కారణంతో సహా కాగితం మీద ఇవ్వాలని, ఇవ్వకపోతే ఒప్పుకున్నట్టేనని కూడా. ఆ చట్టం వచ్చేలోపు ఒక్క సర్క్యులర్ చాలు: 30 యాక్ట్ పెట్టే ప్రతి ఆర్డర్‌నీ, ఏ రోడ్డు, ఏ తేదీ, ఏ గొడవ భయంతో అన్నది రాసి, జిల్లా పోలీస్ వెబ్‌సైట్‌లో పెట్టాలని.

మీ కానిస్టేబుళ్ల కోసం కూడా అడుగుతున్నా. అదే 1861 చట్టంలో సెక్షన్ 22 ఉంది, పోలీసు ఎప్పుడూ డ్యూటీలో ఉన్నట్టే లెక్క అంటుంది. 2019లో వీక్లీ ఆఫ్ అని ప్రకటించారు, అది ఎన్నాళ్లు నడిచిందో వాళ్లనే అడగండి. ఏప్రిల్ ఎండలో కొండారెడ్డి బురుజు దగ్గర, పదిమంది ధర్నా చేస్తారేమోనని ముప్పై మంది నిలబడి ఉంటారు, వాళ్లలో సగం మంది రైతుల పిల్లలే.

రాబోయే ఉల్లి సీజన్‌లో ధర పడితే మేం మళ్లీ కూర్చుంటాం. మూడు రోజుల ముందే సమాచారం అని ఒక కాగితం స్టేషన్‌లో ఇస్తాం, కాపీ మీ ఆఫీసుకి రిజిస్టర్డ్ పోస్టులో పంపిస్తాం. ఆ కాగితానికి రసీదు ఇవ్వమని మీ వాళ్లకు ఇప్పుడే ఒక మాట చెప్పి ఉంచండి.

ఇట్లు,
కర్నూలు నుంచి ఒక ఓటరు