స్కూల్లో రేస్ (జాతి, రంగు వివక్ష) పాఠం మన పిల్లలకీ కావాలి

ఎడిటర్ గారికి నమస్కారం,

మేం టెక్సస్‌లో ఉంటాం. వివాదం ఉన్న విషయాలు క్లాస్‌లో ఎలా చెప్పాలో 2021లో ఇక్కడ చట్టం తెచ్చారు, అప్పట్నుంచి రేస్ గురించి మాట్లాడాలంటేనే టీచర్లు జంకుతున్నారని నాకనిపిస్తోంది. మన తెలుగువాళ్లేమో, అది నల్లవాళ్ల తెల్లవాళ్ల గొడవ, మనకెందుకండీ అంటారు. ఎందుకు కాదు? 1923లో, ఇండియా నుంచి ఇక్కడికొచ్చిన భగత్ సింగ్ థిండ్ అనే ఆయన కేసులో ఇండియన్లు తెల్లవాళ్లు కాదు, సిటిజన్‌షిప్ కుదరదు అని అమెరికా సుప్రీంకోర్టే చెప్పింది, అంతకుముందు ఇచ్చినవాళ్ల దగ్గర కూడా లాక్కున్నారు, 1946 దాకా అదే పరిస్థితి. నల్లవాళ్లు దెబ్బలు తిని, జైళ్లకెళ్లి పోరాడితే 1964లో పౌరహక్కుల చట్టం వచ్చింది, ఆ ఊపులోనే 1965లో ఇమిగ్రేషన్ చట్టం మారి మనలాంటోళ్లకి తలుపులు తెరుచుకున్నాయి. పిల్లలు బాధపడతారని ఇదంతా దాచేస్తారా? మా అమ్మాయికి థిండ్ కథ నేనే చెప్పాను, స్కూల్లో ఎందుకు చెప్పలేదు నాన్నా అంది. స్కూల్ బోర్డు మీటింగులకి మనవాళ్లు కూడా వెళ్లి అడగాలండీ, ప్లీజ్.

— ఒక తెలుగు తండ్రి, టెక్సస్